దింపుడుకళ్లానికి చుట్టుదారి

ప్రజ్ఞాపూర్ దాటాక, ఒక పాత స్నేహితుడి ఇల్లు వెతుక్కుంటూ ముంపు ఊళ్ల వాళ్లకు కట్టిన కాలనీలోకి కారు తిప్పాను. రెండు మలుపులు తిరిగేసరికి ఎదురుగా డప్పులు. పాడె మీద ఒక ముసలాయన, వెనక మగవాళ్లు, ఆడవాళ్లు.

కారు ఆపి చూస్తుంటే ఒక సంగతి వింతగా తోచింది. శ్మశానం వాళ్ల పక్కనే ఉంది. గేటు తీసే ఉంది. వాళ్లు మాత్రం దాన్ని దాటి నా వైపే వస్తున్నారు. కొత్త కాలనీ కదా, దారి తెలియలేదేమో అనుకున్నాను. హారన్ కొట్టి, అద్దం దించి, ముందు నడుస్తున్న పెద్దమనిషికి గేటు చూపించాను.

"తెల్వకనా అయ్యా పోతున్నం?" అన్నాడాయన. "ఇంట్లకెల్లి బయటికొస్తే వల్లకాడే. గింత దూరంల దింపుడుకళ్లం ఏడ వెట్టాలె? అందుకే కాలనీ సుట్టు తిప్పుకొస్తున్నం. నీ కారున్న కాడనే దించాల్నని అనుకున్నం. జర ఎనుకకు తీయి."

పాడెను సగం దారిలో నేల మీద దించి, పోయిన మనిషి చెవి దగ్గర నోరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు, లేస్తాడేమోనని. పాత ఊళ్లో దానికంటూ ఒక చోటు ఉండేదట. ఇప్పుడది నీళ్ల కింద ఉంది.

పాడె మోస్తున్న ఒకాయన అన్నాడు: "ఈడికొచ్చిన సంది మా కాక గడప దాటలే. ఇయ్యాల కాలనీ మొత్తం జూస్తుండు."

కారు వెనక్కి తీసి దిగాను. "హారన్ కొట్టాను, తప్పయింది" అన్నాను.

"ఏం గాదు తీయి" అన్నాడు పెద్దమనిషి. "బతికున్ననాడే ఆయనకు ఇనరాకపోయేది."

పాడె దించారు. కూతురు ముందుకొచ్చింది. ఆమె ఆ పొద్దునే భివండీ నుంచి దిగిందట. తండ్రిని ప్రాణం ఉండగా చూడలేకపోయింది. ఈ పిలుపు ఒక్కటే ఆమెకు మిగిలింది. మోకాళ్ల మీద కూర్చుని, చెవిలో మెల్లగా "బాపూ" అంది.

"గట్ల గాదు బిడ్డా" అంది వెనక నుంచి తల్లి. "గట్టిగ పిలువు. మీ బాపుకు ఇనరాదు గద."

"బాపూ! నేనొచ్చిన. లే బాపూ!"

డప్పులు ఆగాయి. అందరూ నిజంగానే ఎదురుచూశారు. నేను కూడా, ముక్కూ మొహం తెలియని ఆ మనిషి ఛాతీ వైపు చూస్తూ నిలబడిపోయాను.

చావు జరిగిన ఇళ్లకు నేను చాలాసార్లు వెళ్లాను. ధైర్యంగా ఉండండని చెప్పి, తాళంచెవులు చేతిలో ఆడించుకుంటూ బయటపడేవాణ్ణి. ఏడ్చేవాళ్ల ముందు కూర్చోవడం నాకు చేతకాదు. ఆ చేతకానితనానికి తీరిక లేదనే పేరు పెట్టుకున్నాను. ఆ మలుపులో నిలబడ్డాక నాకు అనుమానం లేకుండా తెలిసింది: దుఃఖానికి కొంత దారి కావాలి. అది లేకపోతే చుట్టూ తిరిగైనా సంపాదించి ఇవ్వాలి. అవతలివాళ్లు చేయగలిగేది అంతే, అది చాలా పెద్ద పని.

మూడోసారి పిలిచాక కూడా కూతురు లేవలేదు. ఎవరూ ఆమెను లెమ్మనలేదు. ఎండ పెరుగుతోంది. మోసేవాళ్లు భుజాల మీది తువ్వాళ్లు సర్దుకుని నిలబడ్డారు.

చివరికి ఆమే కొంగుతో మొహం తుడుచుకుని, తండ్రి చెంప మీద ఒకసారి చెయ్యి పెట్టి, మోసేవాళ్ల వైపు తిరిగింది.

"ఇగ లేపుండ్రి."