మూడోనాడు తిరగకలిపిన బురద

యానాం దాటాక మడ చెట్ల మధ్య పాయలో పోటు తగ్గి నీరు తీసినప్పుడు బయటపడే నల్ల బురదంటే నాకు ఇష్టం. దానికి కుళ్ళిన కోడిగుడ్డు వాసన. ఏళ్ల తరబడి మన చేలల్లో చల్లిన పురుగుమందు కాలవల వెంట దిగి ఆ బురదలో పడుకుంది. అందులోని క్లోరిన్ దాన్ని అంత తేలిగ్గా తరగనివ్వదు. దాన్ని విడగొట్టి బతికే సూక్ష్మజీవులు కొన్ని ఆ బురదలోనే ఉంటాయి. మనం గాలి పీల్చినట్టు అవి ఆ విషాన్ని పీలుస్తాయి. గాలి తగిలితే మాత్రం చచ్చిపోతాయి. పడవ అంచున కూర్చుని నీళ్లలోకి చూస్తుంటే, కింద ఆ చీకట్లో ఎవరో నిదానంగా ఊపిరి తీసుకుంటున్నట్టే ఉండేది. ఒడ్డు వచ్చినా దిగబుద్ధయ్యేది కాదు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా" అని మా అత్తగారు నవ్వేవారు.

ఒక వేసవిలో కాలేజీలో నా ల్యాబ్‌కి మరమ్మతులు మొదలయ్యాయి. రెండేళ్లుగా చిటికెడు బురద వేసిన నీళ్లలో ఆ జీవుల్ని పెంచుతున్న సీసాలను రాజమండ్రిలో మా ఇంటికి తెచ్చి, ఆవకాయ జాడీలుండే చీకటి గదిలో, నల్లగుడ్డ కప్పి పెట్టాను. గాలి చొరబడితే తెలియడానికి వాటిలో ఒక మందు కలిపాను. గాలి లేనంతసేపు దాని రంగు కనపడదు.

మూడోరోజు సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి, అత్తగారు సీసాలన్నీ పెరటి అరుగు మీదికి చేర్చి, మూతలు తీసి, పొడి గరిటె కాడతో అడుగునుంచి కలుపుతున్నారు. ఆ గదిలో పెట్టింది ఏదైనా మూడోనాడు తిరగకలపకపోతే బూజు పడుతుందని ఆవిడ నమ్మకం. మా వైపు ఏ ఇంట్లో అడిగినా అదే చెబుతారు.

"చూడమ్మా, కలిపేసరికి ఎంత చక్కటి గులాబీ రంగొచ్చిందో" అన్నారు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. విసురుగా వెళ్లి ఒక సీసా అందుకున్నాను. వాలుతున్న ఎండలో సీసాలన్నీ గులాబీ రంగుతో మెరుస్తున్నాయి. నిజంగానే చాలా అందంగా ఉన్నాయి. గచ్చు మీద కూలబడి ఏడ్చాను.

"చచ్చిపోయాయండీ అత్తయ్యగారూ."

"ఏంటమ్మా, అందులో ప్రాణముందా?"

ఉందన్నాను. గాలి తగిలితే పోతాయనీ, మన పొలాల విషాన్ని విరిచేవి అవేననీ ఏడుస్తూనే చెప్పాను.

ఆవిడ గరిటె కింద పెట్టి నూతి దగ్గరికి వెళ్లారు. నీళ్లు తోడుకున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి తలమీంచి నీళ్లు కారుతుండగా, తడి చీరతో వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"పోయారని తెలిశాక స్నానం చెయ్యాలి కదమ్మా. నువ్వూ పోసుకో."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. లేచి వెళ్లి, తలమీద నుంచి పోసుకున్నాను. ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు.