రెండో మోకాలి కట్టు

మీ వీధిలో బంతి వేసే కుర్రవాడు కుంటుకుంటూ వచ్చి మోకాలు నొప్పి అన్నప్పుడు, చివరిసారిగా మీరు వాడితో ఏమన్నారు? నిజం చెప్పండి. డాక్టరు దగ్గరికి పద అన్నారా, ఓర్చుకోరా అన్నారా? రెండోదే అని ఉంటారు. ఇంత ధైర్యంగా ఎలా చెబుతున్నానంటే, పోయిన ఆదివారం రంగూన్ నగరంలోని పజుండౌంగ్‌లో మా టీకొట్టులో నా చెవులతో విన్నాను కాబట్టి. కరెంటు ఉంది, టీవీలో బంగ్లాదేశ్ ఆట వస్తోంది. వాళ్ల కొత్త ఫాస్ట్ బౌలర్, ఇంకా మీసమైనా సరిగా రాని పిల్లవాడు, పరుగు మధ్యలో తొడ పట్టుకుని కూలబడ్డాడు. కాసేపు పచ్చికలో పడుకుని, లేచి, పళ్లు బిగించి మళ్లీ బంతి అందుకున్నాడు. కొట్టులో ఉన్నవాళ్లందరూ బల్లలు చరిచారు. "అదీ గుండె అంటే!" అన్నాడొకడు. (దెబ్బ తగిలింది తొడకి. మధ్యలో గుండె ఎందుకొచ్చిందని అడిగినవాడు లేడు.) నేను కోపంతో బల్ల మీద గుద్దితే నా కప్పు ఎగిరి పక్కాయన లుంగీ మీద పడింది. ఆయనకి క్షమాపణ చెప్పుకున్నాను. మిగిలినవాళ్లకి చెప్పను. ఎందుకు చెప్పనో తెలియాలంటే నా ఎడమ మోకాలి కథ మీరు వినాలి.

ఆ రోజుల్లో నాకు పంతొమ్మిదేళ్లు. ఆ వయసులో మనిషికి లోకంలో ఉన్న మూఢనమ్మకాలన్నీ కనిపిస్తాయి, తనవి తప్ప. మేం తెలుగు కుర్రాళ్లం కొందరం కలిసి ఒక పఠన మందిరం నడిపేవాళ్లం. మందిరం అంటే ఒక గది, రెండు బెంచీలు, చెదలు తినగా మిగిలిన పుస్తకాలు. వారం వారం చర్చ పెట్టి జాతకాలనీ తాయెత్తులనీ దిష్టి తీయడాన్నీ చీల్చి చెండాడేవాళ్లం. ఎవరేం చెప్పినా నేను లేచి "రుజువేది?" అనేవాణ్ని. అదే నా పేరైపోయింది. (నేను పెరిగింది మామయ్య ఇంట్లో. మా అత్త పెట్టిన పులుసు బాగుందని ఎవరో చుట్టం అంటే దానికి కూడా రుజువడిగానని ఒక పుకారు ఉంది. అది పుకారు కాదు.)

నాకు తర్కం తర్వాత అంత ఇష్టమైంది క్రికెట్. ఊరంతా ఫుట్‌బాల్ ఆడే చోట క్రికెట్ ఆడేవాణ్ని జనం జాలిగా చూస్తారు. అయినా పజుండౌంగ్‌కి ఒక జట్టుండేది, అందులో నేను ఫాస్ట్ బౌలర్ని. మాకు ఆట నేర్పింది టీకొట్టు చాచా టీవీ. చాచా తాతలది చిట్టగాంగ్ వైపు కాబట్టి ఆయన కొట్టులో బంగ్లాదేశ్ ఆడే ప్రతి ఆటా వచ్చేది. ఆ జట్టులో ఒక ఫాస్ట్ బౌలర్ ఉండేవాడు. మా వీధిలో ఎవరూ ఆయన్ని పేరుతో పిలవలేదు, మోకాలన్న అనేవాళ్లం. సరిగ్గా నా వయసులో జట్టులోకి వచ్చి, పెద్ద పెద్ద దేశాల బ్యాట్స్‌మన్లని గంతులేయించాడు. తర్వాత ఒకరోజు బంతి వేసి కాలు మోపేటప్పుడు మోకాలు తిరిగింది. ఆపరేషన్, మళ్లీ వచ్చాడు. ఇంకోసారి తిరిగింది. ఆపరేషన్, మళ్లీ వచ్చాడు. మొత్తం ఎన్ని ఆపరేషన్లన్నదానికి మా వీధిలో మనిషికో లెక్క ఉండేది. వచ్చిన ప్రతిసారీ వేగం కాస్త తగ్గేది, తెలివి కాస్త పెరిగేది. రెండు మోకాళ్లకీ దిండ్లలాంటి కట్లు కట్టుకుని ఆయన పరుగెత్తుకొస్తుంటే నాకు ఒళ్లు పులకరించేది. సంకల్పం ముందు ఎముక ఎంత, కండరం ఎంత అనుకునేవాణ్ని.

మోకాలన్నకి ఇంకో ఆపరేషన్ అయిందని తెలిసిన రోజున మా అత్త నన్ను వంటింట్లోకి పిలిచింది. అత్త తండ్రి మనవాడు, తల్లి బర్మా ఆవిడ. అత్త బౌద్ధురాలు. ఇక్కడివాళ్లకి మనిషి ఏ వారాన పుట్టాడన్నది ముఖ్యం. పగోడా చుట్టూ వారానికో మూల, మూలకో జంతువు. బుధవారాన్ని పొద్దుటికొకటి, మధ్యాహ్నానికొకటి చేశారు కాబట్టి ఎనిమిది మూలలు. కష్టం వస్తే నీ వారం మూలలో ఉన్న విగ్రహానికి నీ వయసెంతో అన్ని గిన్నెల నీళ్లు, పైన ఇంకొకటి పోయాలి.

"ఒరే బాబూ, ఆ గుంటడు ఏ వారం పుట్టినాడో సెప్పు" అంది అత్త.

"ఎవరత్తా?"

"అదే, నీ మోకాలోడు. మల్లీ కోసీసినారంట గదా. తల్లి ఎంత ఏడుస్తందో. ఎల్లి నీల్లు పోసీసొస్తాను."

"ఢాకాలో ఉన్న మోకాలికి రంగూన్‌లో నీళ్లు పోస్తే ఎలా తగ్గుతుంది? రుజువేది?"

"తగ్గదని నీ కాడ రుజువుందేటి?"

రుజువు చూపాల్సిన బాధ్యత ఎవరిదన్న అంశం మీద అరగంట ఉపన్యసించాను. ఆ అరగంటలో ఆవిడ ఉల్లిపాయలన్నీ తరిగేసింది. చివరికి, వారం అనేది మనుషులు కట్టుకున్న ఉత్త లెక్క అని నిరూపించడానికి, పత్రికలో వేసిన పుట్టిన తేదీ పట్టుకుని కాగితం మీద రాసుకుని, వేళ్లు మడిచి లెక్క కట్టాను. శుక్రవారం తేలింది. శుక్రవారం మూలలో ఉండే జంతువు గినీ పంది. నాకు ఒళ్లు మండింది. హెల్మెట్లు మోగించే మనిషికి గినీ పందా! (నమ్మని మూల గురించి అంత రోషం ఎందుకొచ్చిందో అప్పుడు ఆలోచించలేదు.) అదే సాయంత్రం టీకొట్టు చాచా, "ఆ తేదీ నమ్మకు బాబూ, మా తాతల ఊళ్లో బడిలో చేర్చేటప్పుడు మాస్టారు తనకి తోచిన తేదీ రాసేస్తాడు" అన్నాడు. ఐదంతస్తుల మెట్లు పరుగున ఎక్కి అత్తకి ఆ సంగతి చెప్పాను. తేదీయే అబద్ధమైతే వారం ఎక్కడిది, మూల ఎక్కడిది, నీ శాస్త్రం కూలిపోయిందన్నాను. ఆవిడ గిన్నె అందుకుంది.

"అయితే ఎనిమిది మూలలా పోసీస్తాను. ఏదో ఓటి ఆడిదే అవుద్ది గదా."

గణితం ప్రకారం చూస్తే ఆవిడ పరిష్కారంలో లోపం లేదు. నన్ను ఎక్కువగా మండించింది అదే.

మెట్లు పరుగున ఎక్కానన్నాను కదా, ఆ పరుగులోనే నా ఎడమ మోకాలు మొదటిసారి కలుక్కుమంది. బంతి వేసి కాలు మోపినప్పుడల్లా సూది దిగినట్టుండేది. ఎవరికీ చెప్పలేదు. కానీ ఐదో అంతస్తులో ఉండేవాడు నొప్పి ఎన్నాళ్లు దాస్తాడు? అత్త గుమ్మంలో నిలబడి నా అడుగుల చప్పుడు విని పట్టేసింది.

"కుంటతన్నావేటి?"

"లేదత్తా."

"నేదేటి, ఒకడుగు గట్టిగా పడతంది, ఒకడుగు మెల్లగా పడతంది. ఆసుపత్రిలో ఎముకల సయా ఉన్నాడు. రేపు ఎల్దాం రా."

(సయా అంటే ఇక్కడ పంతులుగారికీ డాక్టరుగారికీ ఒకటే పిలుపు.) "మోకాలన్న ఇంతకు పదిరెట్లు నొప్పితో ఆడుతున్నాడు. సంకల్పం ఉండాలత్తా."

"సంకల్పమేటి? అది ఏ కొట్లో దొరుకుద్ది?"

మర్నాడు ఆవిడ నా మంగళవారం మూలలో సింహం దగ్గర నా పేరు మీద కూడా నీళ్లు పోసిందని తెలిసింది. దాన్ని నేను వ్యక్తిగత అవమానంగా తీసుకున్నాను. రాత్రంతా కూర్చుని 'నీళ్లూ మోకాలూ: ఒక విచారణ' అని వ్యాసం రాసి పఠన మందిరంలో చదివాను. కారణానికీ కార్యానికీ సంబంధం లేని చోట సంబంధం ఊహించడమే మూఢత్వమని గర్జించాను. చప్పట్లు హోరెత్తాయి. గోడ పట్టుకుని వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను.

రెండు నెలలు అలాగే బంతులు వేశాను. తర్వాత ఊరి శివారు ఇన్సేన్‌లో రైల్వే వర్క్‌షాపు జట్టుతో పోటీ వచ్చింది. ఊరు చుట్టి వచ్చే లోకల్ రైలెక్కి వెళ్లాం. మా కెప్టెన్ చౌక్తడాలో ఒక ఆఫీసులో గుమాస్తా, అందరం ఆయన్ని కెప్టెన్ కో అనేవాళ్లం. (కో అంటే అన్న.) మైదానం పక్కన కూర్చుని నేను కట్లు కట్టుకుంటుంటే వచ్చి నిలబడ్డాడు.

"ఏట్రా, నొప్పి ఎడం కాలికే గదా?"

"అవును."

"మరి కుడి కాలికేటైనాది?"

"ఏం కాలేదు."

"మరి కట్టేటి?"

"మోకాలన్న రెండింటికీ కడతాడు. ముందు కుడిదానికి, తర్వాత ఎడమదానికి."

కెప్టెన్ కో డాక్టరు చీటీ చూసినవాడిలా గంభీరంగా తలాడించాడు. "అయితే సరే. సివర ఓవర్ నీదే."

పఠన మందిరంలో నా వ్యాసానికి చప్పట్లు కొట్టినవాళ్లు ఇద్దరు ఆ పక్కనే ఉన్నారు. ఇద్దరిలో ఒక్కడూ నవ్వలేదు, ఒక్కడూ రుజువడగలేదు. నేనైనా అడగలేదు.

చివరి ఓవర్లో వాళ్లకి ఆరు పరుగులు కావాలి. మొదటి బంతికి ఏమీ రాలేదు. రెండోదానికి వికెట్ పడింది. మూడోదానికి ఒక్క పరుగు. నాలుగో బంతి వేసి కాలు మోపగానే మోకాల్లో ఏదో తెగిన చప్పుడైంది. వికెట్ కీపర్‌కి కూడా వినిపించిందని తర్వాత చెప్పాడు. (అప్పుడు మాత్రం చెప్పలేదు.) నేల మీద పడి మెలికలు తిరుగుతున్నాను. నా చుట్టూ మూగినవాళ్ల మాటలు ఇప్పటికీ గుర్తే. "లెగరా లెగు, ఇంక రెండు బంతులే!" "మోకాలన్నైతే పడుకుంటాడేటి?" లేచాను. రెండడుగులు గెంతి ఐదోది వేశాను, బ్యాట్స్‌మన్ జాలిపడి వదిలేశాడు. ఆరోదానికి ఆ జాలి లేదు, బంతి ప్రహరీ దాటి పట్టాల మీద పడింది. ఓడిపోయాం. అయినా మావాళ్లూ అవతలివాళ్లూ కలిసి నన్ను భుజాల మీదికెత్తుకుని మైదానమంతా ఊరేగించారు. నేను కేకలు పెడితే ఆనందమనుకున్నారు. అంతమంది ఆటగాళ్లు, ఇద్దరు అంపైర్లు, చెట్టు కింద వేరుశనగలు తింటున్న పెద్దమనుషులు, ఇందరిలో ఆపమన్న నోరు ఒక్కటి లేదు. వీళ్లలో ఎవరూ ఏ మూలలోనూ నీళ్లు పోసే రకం కాదు. చదువుకున్నవాళ్లు!

మావాళ్లు నన్ను ఇంటికి మోసుకొచ్చి దింపితే అత్త ఏడవలేదు, తిట్టలేదు. సైకిల్ రిక్షా పిలిచి నన్ను అందులో కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు ఎడమ మోకాలు నొక్కి చూసి, ఎన్నాళ్లుగా నొప్పి అన్నాడు. రెండు నెలలన్నాను. "అప్పుడే వస్తే విశ్రాంతితో పోయేది. ఇప్పుడు కోయాలి. కోసినా ఇక పరుగు సంగతి మర్చిపో" అన్నాడు. తర్వాత కుడి మోకాలి కట్టు జాగ్రత్తగా విప్పి, అటు తిప్పి, ఇటు వంచి, ఎంత వెతికినా ఏమీ దొరకక నా మొహంలోకి చూశాడు.

"దీనికేమైంది?"

నేను గోడకేసి చూశాను.

"దానికేటీ నేదు సయా" అంది అత్త. "అది తాయెత్తు."

పఠన మందిరంలో నేను గెలిచిన చర్చలన్నీ ఆ ఒక్క మాటతో ఓడిపోయాను. తిరిగొచ్చేటప్పుడు రిక్షాలో కసిగా అడిగాను, నీళ్లతో తగ్గేటట్టయితే డాక్టరు దగ్గరికెందుకు లాక్కొచ్చావని. "నీల్లు నా బెంగకి. డాక్టరు నీ మోకాలికి. ఈమాత్రం తెలీదేటి, అన్ని పుస్తకాలు సదివినావు?" అంది. నీళ్ల విషయంలో నాకు ఇప్పటికీ రాజీ లేదు, వాటితో ఏ మోకాలూ బాగుపడదు. కానీ ఆవిడ నీళ్లు నన్ను బంతి వేయమనలేదు. నా సంకల్పం వేయమంది.

కొన్నాళ్లకి చాచా కొట్టులో టీవీలో మోకాలన్న మాట్లాడుతున్నాడు. ఎవరో ఆయన గుండె ధైర్యం గురించి అడిగారు. ఆయన విసుక్కున్నాడు. చాచా నాకు తెలుగులో చెప్పాడు: "ఎడమది కోశారు కాబట్టి ఎడమదానికి కట్టు, కుడిది కోశారు కాబట్టి కుడిదానికి కట్టు, రెండూ డాక్టరు కట్టమన్నవే అంటున్నాడు. డాక్టరు ఆడొద్దన్న ఒక్కరోజు కూడా ఆడలేదట. నెలల తరబడి మంచం మీద కాలు ఎత్తి దించుతూ ఉన్నాను, దాన్నెవరూ టీవీలో చూపించరు అంటున్నాడు." ఆయన బతుకంతా డాక్టరు మాట విన్న మనిషి. మేం ఆ మాట వదిలేసి కట్టు తీసుకున్నాం. ఆయన తర్వాత కూడా చాలా ఏళ్లు ఆడాడు. నేను ఇన్సేన్‌లో ఆగిపోయాను.

ఇప్పుడు చౌక్తడాలో ప్రూఫులు దిద్దుకుంటూ బతుకుతున్నాను. ఇల్లు అదే, ఐదో అంతస్తే, లిఫ్టు లేదు. మూడో అంతస్తులో ఆగి రొప్పుతుంటే, డెబ్బై దాటిన మా అత్త కూరల సంచీతో నన్ను దాటుకుంటూ పోతుంది. "ఏటి రుజువేదీ, సంకల్పం అయిపోనాదేటి?" అంటుంది. ఆ పంతొమ్మిదేళ్లవాణ్ని తలుచుకుంటే నాకూ నవ్వొస్తుంది. రెండు కట్లు బిగించుకుని, ఒక్కదానికే కారణం ఉన్నవాడు, ఎంత గర్వంగా పరుగెత్తాడని! వాడి మీద కోపం పోయింది. వాడికి చప్పట్లు కొట్టినవాళ్ల మీద పోలేదు, పోనివ్వను.

కాబట్టి మీరు కూడా నవ్వి ఊరుకోకండి. మీ వీధిలో కుంటే కుర్రవాడెవరో మీకు తెలుసు. ఈ కాగితం పక్కన పెట్టండి. వెళ్లి వాడి చేతిలో బంతి లాక్కోండి. వాడు తిట్టినా సరే, ఈరోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. లేవండి.