గొంగడి అంచు

నాగవ్వత్త పామును చేత్తో తీసి అవతల పారేసే మనిషి. అలాంటి మనిషి గంట చప్పుడంటే వణికిపోయేది. కూతురు భాగమ్మ కోసం ఆ వణుకు.

1958లో ఆమె తాండూరు బయట గనిలో బండలు మోసేది. భర్త పోయాక అదే ఆధారం. ఏడేళ్ల భాగమ్మను చూసుకునే దిక్కు లేక వెంట తెచ్చుకునేది. ఆ పిల్ల పిలిస్తే తిరిగి చూడదు, మాట్లాడదు. రాతి ముక్కలు వరుసగా పేర్చుకుంటూ కూర్చుంటుంది. దాంతో గనిలో అందరూ "చెవిటిది" అని పేరు పెట్టేశారు. నేనూ అలాగే పిలిచేదాన్ని. నాకప్పుడు పన్నెండేళ్లు, నోటికి మాత్రం ముప్పై.

మందు పెట్టి బండ పేల్చే పని మా నాయన జంగప్పది. వత్తి అంటించే ముందు, వేలాడదీసిన రైలు పట్టా ముక్కను సుత్తెతో కొట్టేవాడు. అదే మా గంట. అది మోగగానే అందరూ పేర్చిన బండల చాటుకు ఉరకాలి. చెవిటి పిల్లకు వినపడదేమోనని మా నాయన ఆ గంటను తెచ్చి సరిగ్గా భాగమ్మ కూర్చునే చోటే కట్టాడు. రెట్టింపు జోరుగా కొట్టాడు. మా నాయన మనసు మంచిది. తెలివి సంగతి ఇప్పుడెందుకు లెండి.

మొదటి దెబ్బకే భాగమ్మ కెవ్వుమని అరిచి, చెవులు మూసుకుని పరుగు తీసింది. మేమంతా బండల చాటుకు పోతుంటే, ఆ పిల్ల గంటకు దూరంగా, మందు పెట్టిన గుంత వైపు! నాగవ్వత్త వెంటపడి జుట్టు పట్టుకుని లాగింది. ఇంకా వత్తి అంటించలేదు కాబట్టి ఇద్దరూ బతికారు.

మర్నాడే పిల్లను రైల్లో వికారాబాద్ తీసుకుపోయింది. చెవుల్లో ఏ లోపమూ లేదన్నాడు డాక్టరు. తిరిగొచ్చేటప్పుడు స్టేషన్‌లో భాగమ్మ ఉన్నట్టుండి చెవులు మూసుకుని ముడుచుకుపోయింది. ఎందుకో ఎవరికీ తెలియలేదు. కాసేపటికి గానీ రైలు కూత తల్లికి వినపడలేదు. అప్పుడు అర్థమైందామెకు.

వస్తూనే మా నాయన దగ్గరికి వచ్చింది.

"జంగన్నా, నా బిడ్డ చెవిటిది కాదు. దానికి మనకన్న మస్తు వినొస్తది. నీ సుత్తె దాని నెత్తి మీద పడ్డట్టే ఉంటది."

"గట్లయితె గంట బంజేయాల్నా? మిగిలినోళ్ల పానాలు పోవా?"

"బంజెయ్యమంటలేనన్నా. జర దూరం కట్టు. కొట్టకముందు ఎర్రగుడ్డ లేపు. అది చూసి బిడ్డను తీస్కపోత."

మా నాయన తల గోక్కున్నాడు. ఆ సాయంత్రమే గంటను విప్పి దూరంగా కట్టాడు.

ఇక మొదలైంది నాగవ్వత్త పాఠం. బండల చాటున గొంగడి పరిచి పెట్టింది. పేలుడు లేని రోజున కూడా ఎర్రగుడ్డ చూపించి, పిల్లను గొంగడి కిందికి పంపేది. "అంచు లేపు బిడ్డా, నేనొస్తున్న" అనేది. భాగమ్మ లేపేది. తల్లి లోపలికి దూరి, పిల్ల రెండు చెవులూ తన అరచేతులతో మూసేది. కొరికించుకుంది, రక్కించుకుంది, మానలేదు. మూడు నెలలకు ఎర్రగుడ్డ కనపడితే చాలు, పిల్ల తనంతట తానే గొంగడి దగ్గరికి నడిచేది.

ఒకనాడు మేస్త్రీ నాగవ్వత్తను గని అవతలి కొసకు, బండిలోకి బండలెత్తడానికి పంపాడు. తల్లి పిల్ల దగ్గరే ఉందనుకుని మా నాయన గుడ్డ లేపాడు, గంట కొట్టాడు, వత్తి అంటించాడు. నాగవ్వత్త అవతల నుంచి పడుతూ లేస్తూ ఉరికొచ్చింది. దారి గుంత పక్క నుంచే. గుంతకు ఇవతల ఇంకో బండల వరుస చాటున నాతో ఉన్న మా నాయన అడ్డంపడి పట్టుకున్నాడు.

"వత్తి అంటుకున్నది చెల్లె! పోవద్దు!"

"నా బిడ్డ! నా బిడ్డ ఏడున్నదో!"

నేనూ ఆమె కాళ్లు పట్టుకున్నాను. నన్ను తన్నింది. పిలిచి చూద్దామన్నా పలికే పిల్ల కాదు. ఈసారి కూడా గుంత వైపే ఉరికిందేమో అనుకున్నాను. నేల అదిరింది. రాళ్లు మా మీదుగా ఎగిరిపోయాయి.

దుమ్ములోనే ఉరికాం. బండల చాటున గొంగడి ఉంది. దాని కింద భాగమ్మ వెక్కిళ్లు పెడుతూ వణుకుతోంది. ఒక చెయ్యి చెవి మీద ఉంది. రెండో చెవి మీద ఏమీ లేదు. అంత పేలుడూ ఆ చెవిలోనే పడింది. రెండో చేత్తో గొంగడి అంచు ఎత్తి పట్టుకుని ఉంది.

నాగవ్వత్త వంగి లోపలికి దూరింది. అప్పుడు గానీ ఆ పిల్ల అంచు వదల్లేదు.