మా బండ, మా ఇష్టం

పాప పుట్టిన కొత్తలో నాకు ప్రతిదానికీ భయమే. తుమ్మితే భయం, చాలాసేపు తుమ్మకపోతే ఇంకా భయం. (ఇప్పుడు బాగా తగ్గిందని మావారు అందరికీ చెబుతుంటారు. ఇది రాస్తూ రాస్తూ పాప దుప్పటి సర్దడానికి ఎన్నిసార్లు లేచానో నిద్రపోతున్న ఆయనకేం తెలుసు.) అన్నిటికన్నా పెద్ద భయం ఉద్యోగం. సెలవు అయిపోవస్తోంది. ఇంటి నుంచే పని చేసుకోవచ్చన్నారు గానీ, కాల్స్‌లో వెనక పిల్లల ఏడుపు వినిపిస్తే కుదరదన్నారు. అమీర్‌పేటలో మా అద్దె ఇల్లంటే ఒక పెద్ద హాలు, ఒక ఇరుకు వంటిల్లు. హాల్లో మంచం ఉన్నవైపు పడగ్గది, మంచం లేనివైపు మిగతా ప్రపంచం. మధ్యలో ఒక గోడ, దానికో తలుపు ఉంటే ఉద్యోగం నిలుస్తుంది, లేకపోతే రాజీనామా.

కింద ఉండే ఓనరు అంకుల్‌ని భయపడుతూనే అడిగాను. ఆంటీ పోయినప్పటి నుంచి ఆదివారం చర్చికి తప్ప ఆయన గడప దాటడం మేం చూడలేదు. "కట్టుకో బిడ్డా. కాని నా టైల్స్ మీద గీత సుత పడొద్దు. పడితే ఇల్లు ఖాళీ చేసుడే" అన్నారు. పాత కాలపు ఆకుపచ్చ పువ్వుల టైల్స్ అవి. అందుకని నేలను ముట్టుకోకుండా, టైల్స్ మీదే తేలిక ఇటుకలతో గోడ లేపాలని అనుకున్నాం. ఆ సంగతి మేస్త్రీకి చెప్పాల్సింది మావారు. నేను చెప్పానని ఆయన అనుకున్నారు.

యూసుఫ్‌గూడ నుంచి వచ్చిన మేస్త్రీ అన్న, గోడ వచ్చేచోట సుద్దతో గీత గీశాడు. సరిగ్గా ఆ గీత మీద, వంటింట్లో చోటు చాలక హాల్లో పెట్టిన మా రెండో గ్యాస్ బండ ఉంది. అది పక్కకి జరపమని చెప్పడం మర్చిపోయి, పాపకు టీకా వేయించడానికి అమ్మతో కలిసి పంజాగుట్ట వెళ్లిపోయాను. తిరిగొస్తుంటే సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది. టీకా నొప్పికి పాప ఆపకుండా ఏడుస్తోంది. అప్పుడే ఫోను.

"మేడమ్, ఈ బండ తియ్యాల్నా, దాని మీదికెల్లే గోడ లేపాల్నా?"

నవ్వొచ్చింది. "బండ మీద గోడ ఎలా లేపుతారన్నా? తీసెయ్యండి."

"జర సప్పుడైతది. ఓనర్ సాబ్ ఏమన్న అంటడేమో?"

"బండ తియ్యడానికి ఆయన్ని అడిగేదేంటి? మా బండ, మా ఇష్టం."

"అట్లంటరా," అన్నాడు కాస్త అనుమానంగా. "మీ ఇష్టం మరి."

ఫోన్ పెట్టేశాక, ఎంత మర్యాదస్థుడో, గ్యాస్ బండ జరపడానికి కూడా అడుగుతున్నాడని అమ్మతో మెచ్చుకున్నాను కూడా.

మెట్లెక్కి తలుపు దగ్గరికి వచ్చేసరికి హాలంతా దుమ్ము. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఆకుపచ్చ పువ్వులు పెకిలించి, ముక్కలు కుప్పగా పోసి ఉన్నాయి. గ్యాస్ బండ మాత్రం క్షేమంగా ఓ పక్కన ఉంది. దాని మీద ఓనరు అంకుల్ కూర్చుని ఉన్నారు.

"బండ తీయమంటే ఇదేంటన్నా?" అన్నాను.

"నేలకున్నయే గద మేడమ్ బండలు," మేస్త్రీ బిత్తరపోయాడు. "సిమెంటు గట్టిగ పట్టాల్నంటే తీసుడే మంచిదని అడిగిన."

నేను మా గోదావరి జిల్లా భాషలో సిలిండర్ గురించి మాట్లాడాను, మేస్త్రీ తన భాషలో టైల్స్ గురించి. పాపని గుండెకి అదుముకుని, ఈ నెలలోపల ఇల్లెక్కడ దొరుకుతుందా అని లెక్కలేసుకుంటూ నిలబడ్డాను. అంకుల్ ఒక ముక్క తీసుకుని అటూ ఇటూ తిప్పారు.

"గివి ఏరింది నేనే. సనత్‌నగర్ పోయి ట్రాలీల ఏసుకొచ్చిన. మా ఇంటామె చూసి ఏమన్నదో ఎర్కనా? ఇల్లు కట్టమంటే దవాఖాన కట్టినవ్ అన్నది. ఆఖరి దాకా గదే మాట. నేను సుత మొండికేసిన, ఒక్కటి మార్చలే."

ముక్క మీది దుమ్ముని బొటనవేలితో తుడిచారు.

"ఆమె పోయినంక తీద్దామనుకున్న. తిట్టెటోళ్లు లేకుంట తీస్తే ఏం మజా? అట్లనే ఉంచిన." ముక్కని కుప్పలో పడేశారు. "పోనీ తియ్. ఇన్నేండ్లకు గెలిచింది."

ఆయన నవ్వుతున్నారు. కళ్లు మాత్రం దుమ్ముకో దేనికో ఎర్రగా ఉన్నాయి. అమ్మ మెల్లగా అడిగింది, "ఆవిడకి ఏ రంగు ఇష్టమండీ అన్నయ్యగారూ?"

"ఎర్రవి," అని, మేస్త్రీ వైపు తిరిగారు. "సూస్తవేంది భాయ్, గోడ లేపు. బిడ్డ నౌకరి చెయ్యాలె. గోడ పక్కపొంటి ఖాళీ ఉన్న కాడ ఎర్రవి ఎయ్యి."

గోడ లేచింది. తలుపు కూడా పెట్టారు. మొదటి రోజు కాల్ కోసం లోపలికెళ్లి తలుపేసుకుంటే ఎంత నిశ్శబ్దమో. పాప ఊపిరి వినపడదు, మూలుగు వినపడదు, అమ్మ జోల వినపడదు. పాప పడుకుందో, ఏడుస్తోందో, అసలు ఉందో లేదో. ఏడుపు వినపడకూడదని ఓనరుని బతిమాలి, నేల తవ్వించి కట్టించుకున్న గోడకి, ఒక చెవిలో ఆఫీసు మాటలు వింటూ, రెండో చెవి ఆనించి నిలబడ్డాను. చెంపకి చెమ్మ సున్నం అంటింది. అవతల్నుంచి సన్నగా పాప ఏడుపు వినిపించింది. అప్పుడు కుదుటపడి, పనికి కూర్చున్నాను.