గట్టిమేళం మోగాల్సిన చోట

పెనుకొండ పెండ్లిలో తప్పు మా బ్యాండు మాస్టరుది కాదని నేను చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు.

డిస్కో పిచ్చి మొదలైన రోజుల్లో హిందూపురం బ్యాండుకు ఆ వాయింపు నేర్పింది ఆయనే. ట్రంపెట్లకు, క్లారినెట్లకు వేరువేరుగా స్వరాలు రాసిచ్చేవాడు. నాది డ్రమ్ము. డ్రమ్ము ఏది ఎత్తుకుంటే అందరూ అదే అందుకోవాలన్నది ఆయన పెట్టిన నియమం. పెనుకొండ పెండ్లినాటి పొద్దున అందరి ముందూ నన్ను చూసి, "చేతులా, రోకండ్లా అబ్బా అవి?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను పగబట్టాను.

తాళి కట్టే వేళ పురోహితుడు చెయ్యెత్తాడు. ఏ తుమ్మూ వినబడకుండా గట్టిమేళం మోగాలి. నేను కావాలనే డిస్కో కొట్టాను. బ్యాండంతా నా వెంట వచ్చింది. "తాళి కట్టేటప్పుడు కుప్పిగంతులేందిరా!" అని పెండ్లికూతురి నాయన మాస్టరు కాలరు పట్టుకున్నాడు. మాస్టరు నా వైపు చూశాడు. నేను తల తిప్పుకున్నాను.

తర్వాత ఆయన్ను ఎవరూ పెండ్లికి పిలవలేదు. బ్యాండు చెదిరిపోయింది. ఆయన రాసిన స్వరాలతోనే ధర్మవరంలో నేను సొంత బ్యాండు నడిపాను.

ఎనిమిదేళ్ళకు ఆయన ఇంటికి వెళ్ళాను.

"ఏమప్పా, ఇంగా ఏం ఎత్తుకపోదామని వచ్చినావు?" అన్నాడు. కూర్చోమనలేదు.

వాకిట్లోనే నిలబడి చెప్పాను: "ఆ పొద్దు నేను కావాల్నే కొట్టినా మాస్టరూ. మీ బతుకు చెడగొట్టింది నేనే. తప్పయిపాయ, క్షమించండి."