ఖల్లివల్లి పూలు

మా తెలుగు సారును నేనడిగిన ప్రశ్నకు ఇప్పటిదాకా జవాబు లేదు. మొన్న కోరుట్ల బస్టాండులో ఎవరో ఫోన్లో "ఖల్లివల్లి" అంటే నా చెవులు మళ్లీ వేడెక్కాయి.

ఐదో తరగతిలో సారు రోజూ ఒక కొత్త మాటతో సొంతంగా ఒక వాక్యం రాయించేవారు. ఖల్లివల్లి అనే మాటను దుబాయి నుంచి నాయిన ఫోన్లో అనగా విన్నాను. రోజంతా చాక్లెట్టులా చప్పరించాను. మల్లి లాగా, వల్లి లాగా వినిపిస్తే తీగకు పూసే పువ్వే అనుకున్నాను. "మా అమ్మ జడలో ఖల్లివల్లి పెట్టుకుంది, ఇల్లంతా వాసన" అని రాశాను.

సారు పైకి చదవగానే గల్ఫు ఇండ్ల పిల్లలు పడిపడి నవ్వారు.

"అరేయ్, ఖల్లివల్లి అంటే పోతే పోనియ్ అని! మీ నాయిన మీ అమ్మను గట్లనే అన్నడారా?" అన్నాడు వెనక బెంచీవాడు.

సారూ నవ్వారు. తల దించుకునే అడిగాను: "సార్, వాక్యం మంచిగున్నదా, లేదా?"

"ఖల్లివల్లి, కూసోరా" అన్నారు.

ఆ సాయంత్రం అమ్మ మల్లెలు తురుముకుంటూ "ఇయ్యాల ఏం రాసినవ్ కొడుకా?" అంది. ఆమె జడవైపు చూడలేక "ఏం లేదు" అన్నాను.

సార్, మీరు రోజూ మా వీధిలోనే వాకింగుకు వస్తున్నారు. అర్థం తప్పని నాకూ తెలుసు. వాక్యం మంచిగున్నదా, లేదా? అది చెప్పండి.