చోడి నారు వేళ్ళు

గరివిడి దగ్గర మూతపడిన ఒక మందుగుండు ఫ్యాక్టరీని ఆనుకుని సూరమ్మకు అరెకరం మెట్ట ఉంది. ఫ్యాక్టరీ నీళ్ళతో పేలుడు మందు ఆ నేలలోకి ఇంకింది. ఏళ్ళుగా అక్కడ ఏ గింజా మొలవడం లేదు. ఆ మట్టిని పేడ, గడ్డితో కలిపి కుప్పేసి మాగబెడితే విషం తగ్గుతుందా అన్నది మా కాలేజీ ప్రయోగం. పేడ మోసుకొచ్చింది కూడా సూరమ్మే.

ఫలితం చూడ్డానికి ఈ రోజు ఆవిడను లాబ్‌కు పిలిచాను. ఒక ట్రేలో మంచి మట్టి, ఇంకో ట్రేలో మాగిన మట్టి. రెండింట్లోనూ చోడి నారు, అంటే రాగి నారు, ఒకే ఎత్తులో ఉంది. స్కేలు పెట్టి మరీ చూపించాను, కొంచెం గర్వంగానే.

ఆవిడ స్కేలు వంక చూడలేదు. నాట్లకు నారు తీసినట్టు ఒక్కో ట్రేలోంచి ఒక్కో మొక్క పీకి, మట్టి దులిపి, అరచేతిలో పక్కపక్కన పెట్టుకుంది. మంచి మట్టి మొక్కకు జుట్టులా వేళ్ళున్నాయి. రెండోదానికి కురచగా, నల్లబడిన నాలుగు పోగులు.

"పైన సూసి నారు తీస్తారేటి బాబూ? ఏరు సూడాల. ఇసం ఇంకా ఉన్నాది."

"మొన్నటిదాకా మొలకే లేదు కదమ్మా. తగ్గినట్టేగా," అన్నాను.

"తగ్గినాది గానీ పోనేదు. మల్లీ మాగెట్టండి. పేడ నాను తెత్తాను."

ఇంత చదువుకుని నేను ఎత్తు ఒక్కటే కొలిచాను. నేల బాగుపడిందని నేను రాసిస్తే ఈ ఏడే విత్తుకోవాలని ఎదురుచూస్తున్న మనిషి ఆవిడ.

మీ పొలమే అయితే, మీరు ఆ మొక్క పీకి చూసేవారా?